ఒకే బల్ల

నవంబరు పద్నాలుగు. ఆ పొద్దున పెద్దాయన తిన్నది రెండు రొట్టె ముక్కలు, ఒకటిన్నర ఉడికించిన గుడ్డు. ఆ సగం అత్తగారిది. తెల్లసొన తను కాస్త కాస్తగా కొరికి, పచ్చసొనని చెంచాతో ఆయన పళ్ళెంలోకి జార్చి, "గొంతు దిగడం లేదు బాబూ, పారేయడానికి చేతులు రావడం లేదు" అందావిడ. తర్వాత ఎప్పుడు ఆ తేదీ తలపుకొచ్చినా ఆయనకి ముందు ఆ పచ్చసొన గుర్తొచ్చేది. దగ్గు ఆ తర్వాతే.

దగ్గు అప్పటికి రెండు మూడు రోజుల కిందటే మొదలైంది. చప్పుడు పక్క గదిలోకి వెళ్ళకూడదని ఆవిడ తువ్వాలు మడిచి నోటికి అడ్డం పెట్టుకునేది. భార్య పోయాక ఆ ఇంట్లో మిగిలింది వాళ్ళిద్దరే, అత్తగారూ అల్లుడూ. చూసేవాళ్ళకి అది వింతగానే ఉండేది. వాళ్ళకి మాత్రం వింతేమీ కాదు. ఒకే మనిషి కోసం ఏడ్చినవాళ్ళు చెరో ఇంట్లో కూర్చుని ఏడవడం దేనికని ఆవిడే ఒకనాడు పెట్టె తెచ్చుకుని ఉండిపోయింది.

ఆయన బూట్లు వేసుకుంటుంటే ఆవిడ కుర్చీలోంచి చూసి, ఒక మేజోడు నలుపు, ఒకటి నీలం అని చెప్పింది. ఈ గదిలో వెలుతురు చాలదన్నాడాయన.

"నేనున్నదీ ఈ గదిలోనేగా బాబూ" అందావిడ.

ఆవిడ రెండు కళ్ళకీ శుక్లాలు తీయించింది ఆయనే. చేయి పట్టుకుని తీసుకెళ్ళి, చేయి పట్టుకుని తీసుకొచ్చాడు. తన కళ్ళ సంగతి మాత్రం ఏ రోజుకారోజు రేపటికి నెట్టుకొస్తున్నాడు. మేజోడు మార్చుకోకుండానే ఆవిడని వెంటబెట్టుకుని బయల్దేరాడు.

ఆయన పనిచేసేది ఛాతీ ఆసుపత్రి పై అంతస్తులో. ఆ రోజుల్లో అక్కడ పరీక్ష జరుగుతున్నది రోగులకి కాదు, ఒక కార్డుకి. వేలెడంత ప్లాస్టిక్ కార్డు. ముక్కులోంచి పుల్లతో తీసిన తేమని మందునీళ్ళలో కలిపి దాని మీద చుక్కలు వేస్తే, ఊపిరితిత్తులకి పట్టే ఒక జబ్బు ఉన్నదీ లేనిదీ పావుగంటలో చెప్పేస్తుందని తయారుచేసినవాళ్ళు అంటున్నారు. ఒక గీత వస్తే లేనట్టు, రెండొస్తే ఉన్నట్టు. ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చడానికి, అదే మనిషి తేమలో కొంత పెద్ద మెషిన్‌కి కూడా పంపేవారు. మెషిన్ మాట రెండు మూడు రోజులు ఆలస్యం, కానీ గట్టి మాట. చివర్న రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. దగ్గే మనిషి కనబడితే వదలొద్దు, మీ ఇళ్ళల్లోవాళ్ళనైనా తీసుకురండి, నమూనాలు చాలడం లేదని మేడమ్ అందరికీ చెప్పి ఉంది. మేడమ్ అంటే ఈ పనంతా తలకెత్తుకున్న డాక్టరమ్మ. అత్తగారికి ఆ మాట నచ్చింది. ఈ వయసులో తన ముక్కు ఒకరికి పనికొస్తుందంటే అంతకన్నా ఏం కావాలంది. ఆవిడని కింద ఓపీ వరసలో కూర్చోబెట్టి ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయాడు. కార్డు చదివేవాడు రోగిని చూడకూడదు. ఏ నంబరు ఎవరిదో తెలియకూడదు. అది నియమం.

చదివేవాళ్ళు ఇద్దరు. ఆయనా, ఒక అమ్మాయీ. మిగతావాళ్ళకి ఆయన పెద్ద రీడరు, ఆ పిల్ల చిన్న రీడరు. ఒక కార్డుని ఇద్దరూ చూడాలి, ఒకరు ఏం రాశారో ఇంకొకరికి తెలియకూడదు. అందుకని మేడమ్ దగ్గరుండి వడ్రంగితో ఒక పొడుగాటి పాత టేకు బల్ల మీద మధ్యగా ప్లైవుడ్ అడ్డం కొట్టించింది. మనిషి నిలబడ్డా అవతలివాళ్ళ నెత్తి కనబడనంత ఎత్తు. అడ్డంలో అడుగున కార్డు పట్టేంత కంత. దాన్ని పిల్లి కంత అనేవారు. ఇటునుంచి చదివి అటు తోస్తే అటువాళ్ళు చదువుతారు. ఎప్పుడూ ఒకరే ముందు చూస్తే న్యాయం కాదని, సరిసంఖ్య కార్డులు ముందు ఆయనకీ, బేసి కార్డులు ముందు ఆ అమ్మాయికీ ఇచ్చే ఏర్పాటు చేసింది. రాసేటప్పుడు పొరపాటు రాకుండా, కంటికి ఏం కనబడితే కాగితం మీద అదే గీయమంది. ఒకటి కనబడితే ఒక గీత, రెండు కనబడితే రెండు గీతలు.

మేడమ్ అన్నీ ఆలోచించింది. బల్ల ఒక్కటే అన్న సంగతి తప్ప.

ఆ గదిలో ఫ్యాను వెయ్యరు. మాటలు నిషేధం. కింద అట్ట లేకుండా ఒంటి కాగితం మీద బాల్ పెన్నుతో గీస్తే, ఆ గీత టేకు చెక్కలోకి దిగి ఇవతల మోచేతికి తగులుతుంది. ఆయన వినాలని వినలేదు. మొదటి వారంలోనే ఒకరోజు, బేసి కార్డు ఒకటి అవతల ఉండగా, బల్ల మీద ఆనించిన మోచేతికి జర్రు, జర్రు మని రెండు తగిలాయి. తర్వాత కార్డు కంతలోంచి వచ్చింది. రెండో గీత ఉండాల్సిన చోట ఆయనకి ఏదో నీడలాంటిది కనబడీ కనబడనట్టుంది. రెండు గీతలు గీశాడు. చెవి విన్నది కన్ను చూసిందనుకోవడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. ముదురు గీతలతో చిక్కు లేదు, వాటిని ఎవరైనా చదువుతారు. పలచని గీతల దగ్గరే చిక్కంతా. బేసి కార్డు పలచగా ఉన్నప్పుడల్లా ఆయన మోచేయి బల్లకి ఆనేది. ఆ పిల్ల కళ్ళు మంచివి, తప్పు రాయదులే అని తనకి తాను సర్ది చెప్పుకునేవాడు.

ఆ రోజు పదిన్నర దాటాక, కార్డుల మీద చుక్కలు వేసే ఆయన ట్రే పట్టుకుని లోపలికొచ్చాడు. ఆయన్ని చుక్కలాయన అంటారు. ముక్కులో పుల్ల పెట్టేదీ ఆయనే కాబట్టి, తన చేతిలో పడ్డవాడికి చుక్కలు కనబడాల్సిందేనని తనమీద తనే ఛలోక్తి వేసుకునేవాడు. నియమం తప్పి ఆ పూట నోరు విప్పాడు.

"నాలుగు వందలో కార్డు. మిఠాయిలు ఎవరు పంచుతున్నారో చెప్పండి."

అవతల అమ్మాయి కిసుక్కున నవ్వింది. పెద్దాయన పెదాల మీద వేలు పెట్టి చూపించి, తనూ నవ్వుకున్నాడు. సరిసంఖ్య. ముందు ఆయనకే వచ్చింది. అలారం మోగాక కార్డుని దీపం కిందికి లాక్కున్నాడు. మొదటి గీత ఎర్రగా ఉంది. రెండో చోట తెలుపు. తెలుపులో ఏదో ఉందా? కార్డు కాస్త వాలుగా పట్టుకున్నాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. తడి ఆరిన చారేమో. ఇంకా ఆలస్యం చేస్తే లేని గీతలు కూడా లేచొస్తాయి, చదవాల్సిన వ్యవధి దాటకూడదు. ఒక గీత గీసి కార్డుని కంతలోకి తోశాడు.

అవతల మామూలుకన్నా ఎక్కువసేపు చప్పుడు లేదు. తర్వాత జర్రు మంది. ఒకటే.

ఆయన గుండె తేలికపడింది. ఇద్దరి మాటా ఒకటే. వారం వారమూ మేడమ్ చెబుతూనే ఉంది, ఇంత కలిసిన రీడర్లని తను ఎక్కడా చూడలేదని, నూటికి ఒకటి కూడా తేడా రావడం లేదని. ఆ మాట అన్నప్పుడు ఆయనా చిన్న రీడరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు. ఎందుకో అప్పుడు ఆయన ఆలోచించలేదు.

మధ్యాహ్నం కిందికి దిగితే అత్తగారు వెళ్ళిపోయిందని చెప్పారు. ఓపీ గోడ మీద మేడమ్ అంటించిన కాగితం ఉంది, ఈ కార్డు ఫలితాన్ని బట్టి వైద్యం చెయ్యరాదని. దాని కిందే కుర్చీ వేసుకుని కూర్చున్న ఓపీ డాక్టరు, మీ అత్తగారికి ఒక గీతే వచ్చిందట, సిరప్ ఇచ్చి పంపేశాను అన్నాడు. ఎట్లా తెలిసిందని అడగక్కర్లేదు. ఓపీ నుంచి పైకి ఫోను చేయడం, ఎన్ని గీతలంటే చుక్కలాయన కాగితం చూసి చెప్పడం అలవాటైపోయింది. మంచాలు చాలవు, జనం ఆగరు, మెషిన్ మాట వచ్చేదాకా ఎంతమందిని వసారాలో కూర్చోబెడతారు? చుక్కలాయన అది సాయం అనే అనుకునేవాడు. ఇంకా పాసవని కార్డు అప్పుడే మనుషుల్ని పాసు, ఫెయిలు చేసేస్తోంది. ఆ సంగతి పెద్దాయనకి ఎప్పట్నుంచో తెలుసు. తెలిసినవాళ్ళు ఇంతమంది ఉన్నారు కదా, చెప్పేవాళ్ళు ఎవరో చెబుతారులే అని ఊరుకున్నాడు. పైగా ఆ రోజు ఆ మాట చల్లగా తగిలింది. జబ్బు లేదు, వట్టి పడిశం.

ఇంటికెళ్ళి అత్తగారికి అదే చెప్పాడు. ఆవిడ సిరప్ తాగి మూతి ముడుచుకుని, "మీరు చదివే పరీక్షేగా బాబూ. ఇంక నాకు భయమేంటి" అంది.

మర్నాడు జ్వరం వచ్చింది. వట్టి పడిశానికీ వస్తుందన్నాడాయన. ఆ రాత్రి ఆవిడ పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయింది. దిండు ఒకటి చాలదేమోనని తన దిండు కూడా తెచ్చి వెనక పెట్టాడు. మీకో అంటే, నాకు మెడ నొప్పి, దిండు లేకపోతేనే హాయి అన్నాడు. అబద్ధమని ఆవిడకి తెలుసు. తెలిసి తీసుకుంది. ఆ ఇంట్లో ఇట్లాంటి అబద్ధాల మీదే సగం కాపురం నడిచేది.

ఆ మర్నాడు పొద్దున్నే కింద వాటా ఆవిడ నీళ్ళ మోటారు సంగతి అడగడానికి పైకొచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయి, "అదేంటండీ, పిన్నిగారి పెదాలు అట్లా నీలంగా ఉన్నాయి?" అంది.

ఆయన అత్తగారి మొహంలోకి వంగి చూశాడు. పొద్దున్నుంచి చూస్తూనే ఉన్నాడు. ఆయనకి అవి మామూలు పెదాల్లాగే, కాస్త నల్లబడ్డట్టు ఉన్నాయి, అంతే. నీలం ఆయనకి కనబడలేదు. అప్పుడు మేజోళ్ళు గుర్తొచ్చాయి.

వార్డులో ఆక్సిజన్ పెట్టారు. నర్సు ఓపీ చీటీ ఉందా అని అడిగితే, ఆయన అత్తగారి చేతిసంచీ తెరిచాడు. కళ్ళద్దాల పెట్టె, మడిచిన తువ్వాలు, సగం తిన్న బిస్కట్ పొట్లం, దాని కింద చీటీ. చీటీ మూల నంబరు స్టిక్కరు. నాలుగు, సున్నా, సున్నా.

మిఠాయిలు ఎవరు పంచుతున్నారో చెప్పండి.

నర్సు ఆ నంబరు కంప్యూటర్‌లో కొట్టి, మెషిన్ ఫలితం పొద్దున్నే వచ్చిందండీ, జబ్బు ఉంది, ముందే ఎందుకు చేర్చలేదు అంది. ఆమె గొంతులో కోపం లేదు, ఊరికే అడిగింది. అడుగుతూనే పక్క మంచానికి వెళ్ళిపోయింది. అత్తగారు మాస్కుతోనే ఆయన చెయ్యి పట్టుకుని, డ్యూటీకి ఆలస్యమవుతోంది వెళ్ళమని సైగ చేసింది.

చిన్న రీడరు వసారాలో కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది. ఆయన పక్కన నిలబడి, తనూ సబ్బు తీసుకుని, చాలాసేపు రుద్దుకున్నాడు. ఏడాది నుంచి ఒకే గదిలో కూర్చుంటున్నా వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది ఈ కుళాయి దగ్గరే. నీ పెన్ను చప్పుడు నాకు వినబడుతుంది తల్లీ అన్నాడు. బేసి కార్డులు నువ్వు ఎన్ని గీస్తే నేనూ అన్నే గీస్తున్నాను, నా కళ్ళు సరిగా లేవు, ఇవాళ మేడమ్‌కి చెప్పేస్తాను అన్నాడు. అనేసి, కాస్త ఊపిరి తీసుకున్నాడు. ఆ పిల్ల ఆశ్చర్యపోతుందనుకున్నాడు. కసురుకుంటుందేమో అనుకున్నాడు. ఆమె కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకోకుండా నిలబడింది.

"నాలుగు వందల కార్డు గుర్తుందా?" అన్నాడు. "మా అత్తగారిది."

ఆమె మొహం పాలిపోయింది.

"నువ్వేం చూశావు తల్లీ అందులో?"

"ఉంది బాబాయ్. వెంట్రుక మందాన, లేత గులాబీ రంగు. ఉంది."

"మరి ఒకటే గీశావేం?"

"మీరు ఒకటే గీశారుగా."

కుళాయిలోంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. ఆమె దాన్ని మళ్ళీ గట్టిగా బిగించింది. నెమ్మదిగా, కింద చూస్తూ చెప్పింది. సరి కార్డులకి ఆమె కూడా వింటూనే ఉంది, మొదటి రోజుల నుంచీ. ఎన్నో సార్లు ఆమెకి కనబడింది. ఆయన ఒకటే గీశాడు. ఇన్నేళ్ళ అనుభవం ఉన్న మనిషికి కనబడనిది నిన్నగాక మొన్న వచ్చిన తనకి కనబడిందంటే అది తన భ్రమే అయి ఉంటుందనుకుంది. తేడా రాస్తే మేడమ్ ఇద్దరినీ పిలిచి అడుగుతుంది, ఆయన ముందు ఆయన తప్పని ఎట్లా చెప్పడం? వినడం మానేద్దామని ఒకసారి చెవుల్లో దూది పెట్టుకుందట. చప్పుడు చెవికి కాదు, చేతికి తెలుస్తుంటే దూదేం చేస్తుంది?

ఆయన గోడకి ఆనుకున్నాడు. తను ఆ పిల్ల కళ్ళని ఆసరా చేసుకుంటున్నాననుకున్నాడు ఇన్నాళ్ళూ. అది సగమే. బేసి సంఖ్య వచ్చినవాళ్ళకి మంచి కళ్ళు దొరికాయి. సరిసంఖ్య వచ్చినవాళ్ళకి, మంచి కళ్ళు అవతలే ఉండి కూడా, దొరకలేదు. వరసలో ఒక మనిషి వెనక కూర్చుని ఉంటే అత్తగారిది నాలుగు వందల ఒకటి.

"ఇట్లాంటివి ఎన్ని ఉంటాయి?"

"లెక్కపెట్టలేదు బాబాయ్. లెక్కపెడితే రేపు పనికి రాలేనని లెక్కపెట్టలేదు."

చాలా చిన్న గొంతుతో, తన సంగతి కూడా మేడమ్‌కి చెబుతారా అని అడిగింది. ఆయనది పర్మనెంటు ఉద్యోగం, ఆమెది ఏటేటా రాయించుకునే కాగితం. చెప్పను, నా సంగతి ఒకటే చెబుతాను అని మాటిచ్చాడు.

మాట నిలబెట్టుకున్నాడు కూడా. మేడమ్ గదిలో నిలబడి, తన కళ్ళ సంగతీ, మోచేయి సంగతీ, అత్తగారి కార్డు సంగతీ చెప్పాడు. ఆ అమ్మాయి ఊసెత్తలేదు. మేడమ్ కోప్పడలేదు. రాత్రుళ్ళు నిద్ర లేని మొహంతో అంతా విని, లేచి, ఆయన్ని వెంటబెట్టుకుని చదివే గదిలోకి వెళ్ళింది. తలుపేసి, చిన్న రీడరు కుర్చీలో తను కూర్చుని, మీ కాగితం మీద మీకు తోచినట్టు గియ్యండి అంది. ఆయన గీశాడు.

"ఒకటి" అంది మేడమ్ అవతల నుంచి. మళ్ళీ గీశాడు. "రెండు... రెండు... ఒకటి... రెండు."

ఒక్కటి కూడా తప్పు పోలేదు. అప్పుడు గానీ ఆయనకి తట్టలేదు, తను నోరు విప్పకపోయినా బల్ల చెప్పేసిందని. ఇటు గీసింది అటు వినబడితే, అటు కూర్చునే మనిషి ఎవరు?

రెండు రోజులు ఏమీ జరగలేదు. అత్తగారికి జ్వరం దిగింది. మేడమ్ స్వయంగా వార్డుకొచ్చి ఆవిడ కేసు కాగితాలు చూసింది, కిటికీ పక్క మంచానికి మార్పించింది, పెద్దాయనకి కళ్ళ డాక్టరు పేరున చీటీ రాసిచ్చింది. మేడమ్ చెడ్డ మనిషి అయి ఉంటే బాగుండేదని ఆయనకి ఆ చీటీ జేబులో పెట్టుకుంటున్నప్పుడు అనిపించింది.

మూడో రోజు పిలిచి చెప్పింది. ఆయనకి ఇకనుంచి స్టోరు. జీతంలో తేడా ఉండదు. ఆ అమ్మాయి కాగితం నెలాఖరుకి అయిపోతుంది, మళ్ళీ రాయించడం లేదు.

ఆ పిల్ల కళ్ళు బంగారమండీ అన్నాడాయన. తప్పు నాది, నేను పెద్దవాణ్ణి కాబట్టి నా మాట మీద గీసింది.

"కంటికి కనబడ్డదాన్ని రాయలేని మనిషికి ఎంత మంచి కళ్ళుంటే ఏం లాభమండీ" అంది మేడమ్. ఆ మాట ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది. అది ఆవిడకీ తెలిసినట్టుంది, మొహం తిప్పుకుని బల్ల మీది కాగితాలు సర్దింది. అట్టమీద పెద్ద అక్షరాలతో స్టడీ పేరుంది. పక్కన కొరియర్ కవరు.

"మరి రిపోర్టు?" అన్నాడు.

చదివినంతవరకు అంకెలు వెళ్ళిపోతాయంది. ఆ కార్డులు ఎప్పుడో చెత్తలో కలిశాయి, మళ్ళీ చదవడానికి లేదు. నమూనాలు మళ్ళీ పోగెయ్యాలంటే ఇంకో ఏడాది, అంతవరకు కార్డు తయారుచేసినవాళ్ళు ఆగరు. తర్వాతి స్టడీకి బల్ల కోయిస్తున్నానంది. రీడర్ల కలయిక గురించి ఏం రాస్తున్నారని అడిగాడు. ఉన్నదే రాస్తున్నానంది. దాదాపు నూటికి నూరు.

ఆయన ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఏ డాక్టరుకీ ఎదురు చెప్పి ఎరగడు. ఇప్పుడు కూడా గొంతు పెంచలేదు.

"ఆ అమ్మాయి రాసింది తప్పని పంపేస్తున్నారు. ఆ అమ్మాయి రాసిందే రిపోర్టులో పంపిస్తున్నారు. రెండిట్లో ఏది నమ్మమంటారు మేడమ్?"

మేడమ్ కవరు అంచు గోటితో నొక్కింది. కవరు మీద చిరునామా అప్పటికే రాసి ఉందని ఆయనకి అనిపించింది. ఆయన కళ్ళని ఆయన నమ్మే రోజులు కావవి. మీ అత్తగారికి రేపు డిశ్చార్జి రాస్తారట, జాగ్రత్తగా చూసుకోండి అంది. ఆయన నమస్కారం పెట్టి బయటికొచ్చాడు. మెట్ల మీద వడ్రంగి ఎదురయ్యాడు, భుజాన రంపం. ఏ గదండీ బల్ల కొయ్యాల్సింది అని అడిగితే, ఆయనే వెనక్కి నడిచి గది చూపించాడు.

అత్తగారు ఇంటికొచ్చిన రెండో సాయంత్రం చిన్న రీడరు వచ్చింది. చేతిలో డజను అరటిపళ్ళు, చంకలో ఆ గదిలో తను కుర్చీ మీద వేసుకునే మెత్త. ఖాళీ చేసి తెచ్చేసుకున్నట్టుంది. మెత్తని గుమ్మం బయటే పెట్టి లోపలికొచ్చింది. ఎవరమ్మా నువ్వు అని అత్తగారు అడిగితే, బాబాయ్‌తో పనిచేశానండీ అంది. చేస్తున్నానని అనలేదు. అత్తగారు గమనించలేదు, లేదా గమనించనట్టు ఊరుకుంది. పిల్లకి తినడానికి ఏమైనా పెట్టమంది. ఆయన వంటింట్లోకి వెళ్ళి గుడ్లు ఉడకబెట్టాడు. లోపల వాళ్ళిద్దరూ నవ్వుకోవడం వినబడింది. అల్లుడుగారు కూర వండితే ఉప్పు ముందు నిద్ర లేస్తుందని అత్తగారు చెబుతోంది. తర్వాత దగ్గు తెర వచ్చి నవ్వు ఆగింది, మళ్ళీ మొదలైంది.

గుడ్డు రెండు చెక్కలుగా కోసి ఇస్తే, అత్తగారు మామూలుగా పచ్చసొన ఆయన పళ్ళెంలోకి జార్చబోయింది. మీరు తినండి అన్నాడు, కాస్త గట్టిగానే. ఆవిడ ఆయన మొహంలోకి చూసి, తినేసింది.

ఆ పిల్లని దిగబెట్టడానికి ఆయన మెట్ల దాకా వెళ్ళాడు. నువ్వు నన్ను తిట్టు తల్లీ అని అడగాలనుంది. మాటిచ్చి కూడా నిన్ను కాపాడలేకపోయాను అని చెప్పాలనుంది. రెండూ తన మనసు తేలికపడడానికే గానీ ఆ పిల్లకి పూట గడవడానికి కావని ఊరుకున్నాడు. వేరే ల్యాబులో ఇట్లాంటి పనే ఉందని ఎవరో చెప్పారు, రేపు వెళ్ళి అడుగుతానంది. అక్కడైనా నీ కంటికి కనబడిందే రాయమన్నాడు.

ఆమె మెత్తని దులిపి చంకలో పెట్టుకుంది.

"ముందు బల్ల ఒకటో రెండో చూసుకుని కూర్చుంటాను బాబాయ్" అంది. నవ్వడానికే అంది. నవ్వు సగంలో ఆగిపోయింది. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

లోపలికొస్తే అత్తగారు మంచం మీద వాలి ఉంది. ఆ అమ్మాయి కళ్ళు ఎంత చురుకైనవో బాబూ, మీ చొక్కా చేతి బొత్తాం దారానికి వేలాడుతోందని అంత దూరం నుంచి చూసి చెప్పింది, అట్లాంటి పిల్లని మీ ఆఫీసువాళ్ళు వదులుకోకూడదు అంది. ఆయన అవునన్నాడు. మందులు ఇచ్చాడు, నీళ్ళు పెట్టాడు, రెండు దిళ్ళూ సర్దాడు. దీపం ఆర్పి తన గదిలోకి వచ్చి పడుకున్నాడు. ఆవిడ పిలిస్తే వినబడాలని తలుపు తెరిచే ఉంచాడు.

నిద్ర రాలేదు. చెవి మంచం పట్టెకి ఆనించి ఉంది. చెక్కలోంచి చప్పుళ్ళు ఒక్కొక్కటే వస్తున్నాయి. కింద వాటాలో ఎవరో కుర్చీ జరిపారు. మోటారు ఆగింది. అవతలి గదిలో మంచం కిర్రుమంది. తువ్వాల్లోకి అణిచిపెట్టిన దగ్గు ఒకటి, వెంటనే రెండోది. తర్వాత గోడ పట్టుకుని నడిచే అడుగులు. ఆయన లేవబోయి, అడుగులు తన గది వైపే వస్తుంటే కళ్ళు మూసుకుని ఉండిపోయాడు.

ఆవిడ గుమ్మంలో నిలబడి, ఆయన నిద్రపోతున్నాడో లేదో కాసేపు చూసింది. ఆ కళ్ళకి చీకట్లో కూడా బాగానే కనబడేది. పోయిన దగ్గు మళ్ళీ వచ్చేలా ఉందేమో, తువ్వాలు నోటికి నొక్కుకుని, రెండో చేత్తో, గడియ చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.

తలుపుకి అవతల ఆవిడ దగ్గింది. ఒకసారి. ఇంకోసారి.

ఆయన లెక్కపెడుతూ పడుకున్నాడు.